బల్ల కింద సబర్

పడుకున్నాను. నిలబడి ఉండగా కోపం వస్తే కూర్చోమన్నారు, కూర్చున్నా తగ్గకపోతే పడుకోమన్నారు మన ప్రవక్త. అందుకే ఆ మాటకి కట్టుబడి, నా దుకాణంలో, నా కటింగ్ బల్ల కింద, తలకింద లైనింగు గుడ్డ మడత పెట్టుకుని గచ్చు మీద వెల్లకిలా పడుకున్నాను. నాకు సబర్ లేదని, ఓర్పు లేదని ఎవడైనా అంటే వచ్చి చూసుకోమనండి. ఇంకొకడైతే ఈపాటికి వీధి వీధంతా వినేలా రంకెలు వేసేవాడు. నేను వేశానా? లేదు. ఒక్కటే మాటన్నాను, "నేను రోజాలో ఉన్నాను, నా నోరు తెరిపించకండి" అని, అదీ పళ్ళు బిగబట్టి, మెల్లగా. అంత మెల్లగా అన్నందుకు మా తమ్ముడి ముఖం ఎందుకు పాలిపోయింది? తప్పు చెయ్యనివాడి ముఖం పాలిపోతుందా? మా ఆవిడ ఎందుకు గబుక్కున లోపలికి తప్పుకుంది? ఉపవాసం విప్పడానికి ఇంకా బోలెడు పొద్దుంది, అప్పుడే వంటింట్లో ఏం పని? ఆ పాలిపోయిన ముఖం, ఈ తప్పుకున్న కాళ్ళు, రెండూ కలిపి చూడాలి. గుడ్డ రెండు అంచులూ కలిపి చూస్తేనే కదా నేత ఎక్కడ జారిందో తెలిసేది.

కత్తెర పోయింది. పోవడమేమిటి, దానికి కాళ్ళున్నాయా? తీశారు. నాది ఎడమచేతి వాటం. అన్నం తినడానికి, నీళ్ళు తాగడానికి చిన్నప్పుడే దెబ్బలు కొట్టి కుడిచెయ్యి అలవాటు చేశారు గానీ కత్తెర దగ్గర మాత్రం నాన్న ఓడిపోయి, కమ్మరి దగ్గర కూర్చుని మరీ నాకోసం ఎడమచేతి కత్తెర చేయించాడు. దాన్ని ఇంకెవడు పట్టుకున్నా గుడ్డ నమిలినట్టు తెగుతుంది. కాబట్టి దొంగ దాన్ని వాడుకోవడానికి తియ్యలేదు, నాకు లేకుండా చెయ్యడానికి తీశాడు. ఇవాళ సాయంత్రం అసర్ నమాజు నుంచి రాగానే పోస్టుమాస్టరు కోటు గుడ్డ కోస్తానని నిన్ననే ఇద్దరి ముందూ చెప్పాను. వచ్చేసరికి గోడ మేకు ఖాళీ. "ఏదిరా?" అంటే తమ్ముడు "సానకిచ్చాను అన్నా" అన్నాడు, అదే ఊపిరిలో మా ఆవిడ "నేనే ఎక్కడో పెట్టి మర్చిపోయానండీ" అంది. ఒక కత్తెర, రెండు జవాబులు! అబద్ధం ఆడేవాళ్ళు ముందే కూడబలుక్కోవద్దూ? నాకు ఒళ్ళు మండిపోయింది. మండినవాణ్ణి వెళ్ళి ముఖం, చేతులు, కాళ్ళు కడుక్కుని వజూ చేసుకున్నాను, నీళ్ళు కోపాన్ని చల్లారుస్తాయి కదా అని. చల్లారలేదు. స్టూలు మీద కూర్చున్నాను. లాభం లేకపోయింది. మిషను సొరుగు వెతికాను, దారాల పెట్టె వెతికాను, నమాజు చాపల మడతలు కూడా విప్పి చూశాను. అప్పుడు పడుకున్నాను.

ఇవాళ్టిది కాదిది. ఎన్నాళ్ళనుంచో వాసన వస్తోంది నాకు. నేను గదిలోకి వస్తే మాట ఆగిపోతుంది. ఆగిపోయిన మాటకి ఒక వేడి ఉంటుంది, ఇస్త్రీపెట్టె తీసేసిన చోటులాగ, చెయ్యి పెడితే తెలుస్తుంది. నేను మసీదుకి వెళ్ళి వచ్చేసరికి తమ్ముడి మిషను వెచ్చగా ఉంటుంది. ఏం కుడుతున్నావురా అంటే, నూనె వేసి ఖాళీగా తిప్పానంటాడు. మొన్న చంకలో ఒక పొట్లం పెట్టుకుని, నన్ను చూసి సందు మలుపులో ఆగిపోయాడు. నేనూ ఆగాను. వాడు వెనక్కి తిరిగి, ఏదో మర్చిపోయినవాడిలా తల కొట్టుకుంటూ వెళ్ళిపోయాడు. ఏం నటన, ఏం నటన! ఆ పొట్లం మూల నలిగి బూడిదరంగు గుడ్డ కనిపించింది, అచ్చం నేను ముందురోజు స్కూలు హెడ్మాస్టరు కోసం కోసిన రంగు. నా ఖాతాదారుల గుడ్డలు వాడి చంకలో ఎందుకుంటాయి? వేరే చోట దుకాణం పెడుతున్నాడు, ఇంకేముంది. దానికి మా ఆవిడ వత్తాసు. ఆవిడ సంగతి వేరే చెప్పాలి. ఈమధ్య నాకు గ్లాసు నిండా నీళ్ళు పొయ్యడం మానేసింది. సగమే. టీ అయినా సగమే. తమ్ముడికి మాత్రం అంచుదాకా. పగలంతా ఎండిన నోటితో ఉండి ఉపవాసం విప్పే మొగుడికి సగం గ్లాసు నీళ్ళు! అడగలేదు నేను. మింగాను. సబర్ అంటే మింగడమే కదా అని మింగుతూ వచ్చాను. నా చొక్కాలకి గుండీలు తీసేసి టిచ్ బటన్లు కుట్టింది, "ఇవే ఫ్యాషనండీ" అని. నాకా ఫ్యాషన్ చెప్పేది? దర్జీకి?

అనుమానం పాపమని నాకు తెలియకపోలేదు. ఇమామ్‌గారు చెప్తూనే ఉంటారు, అనుమానాలకు దూరంగా ఉండండి, అనుమానాల్లో కొన్ని పాపాలు అని. కొన్ని, అన్నారు. అన్నీ అనలేదు. నావి ఆ మిగిలినవాటిలోకి వస్తాయి. ఇంకో మాట కూడా అన్నారాయన పోయిన శుక్రవారం. అరిచి, ఏడిచి, అలిసిపోయాక ఊరుకోవడం సబర్ కాదు, దెబ్బ తగిలిన ఆ మొదటి క్షణంలో నిలబడ్డదే సబర్ అని. కుస్తీలో ఎదుటివాణ్ణి పడగొట్టేవాడు కాదు, కోపంలో తనని తాను పట్టుకున్నవాడే బలవంతుడని. ఆ మాట వినగానే నేను పక్క వరసలో ఉన్న తమ్ముణ్ణి చూశాను, విన్నావా అన్నట్టు. వాడు అప్పటికే నావైపు చూస్తున్నాడు. ఒక నవ్వు నవ్వాడు, ఎగతాళి కాదు, అదో రకం. జబ్బుమనిషి మంచం దగ్గర నవ్వే నవ్వు. ఆ నవ్వు నాకిప్పటికీ మింగుడు పడలేదు. అన్నని అలా చూసి నవ్వేవాడు ఎంతకైనా తెగిస్తాడు.

ఈ బల్ల కిందే మా నాన్న కూడా పడుకునేవాడు. నాన్నదీ నా కోపమే, నాన్నదీ నా పద్ధతే. ఆయన టేపు మెడలోంచి తీసి బల్ల మీద పెట్టాడంటే స్టూలు మీద కూర్చోబోతున్నాడని అర్థం, కళ్ళజోడు తీసి పెట్టాడంటే పడుకోబోతున్నాడని. ఆయన పడుకుంటే ఇంట్లో చీమ చిటుక్కుమనేది కాదు. అమ్మ మిషనుకి ముసుగు కప్పేసి, మమ్మల్నిద్దరినీ రెక్క పుచ్చుకుని వెనక గదిలోకి తీసుకుపోయేది. ఎంత ప్రశాంతంగా ఉండేదో ఇల్లు! తమ్ముడు నా చొక్కా పట్టుకుని ఊపిరి బిగబట్టుకుని కూర్చునేవాడు, ఒకసారి అలాగే కూర్చుని పక్క తడిపేసుకున్నాడు కూడా, పిరికి సన్నాసి. నాన్న ఎప్పుడూ మమ్మల్ని కొట్టలేదు. ఒక్క దెబ్బ లేదు, ఒక్క తిట్టు లేదు. గుడ్డ కొయ్యడం నేర్పింది కూడా నా ఒక్కడికే, వాడు కుట్టు మాత్రం ఇంకొకరి దగ్గర నేర్చుకున్నాడు. కత్తెర ఆడించేముందు బిస్మిల్లా అని, గుడ్డ ఎడమ మూల, కుట్టులోకి పోయే అంచులో, వడ్లగింజంత గాటు పెట్టాలి, ఆ తర్వాతే కోత మొదలు. అల్లా పేరు తలచుకున్నావో లేదో నీకు గుర్తుండకపోయినా గుడ్డకి గుర్తుంటుందిరా అనేవాడు. ఆ గాటు ఇంకెవరూ పెట్టరు. తమ్ముడు నోటితో అంటాడంతే, చేత్తో పెట్టడు.

కాళ్ళు. గుమ్మం దగ్గర కాళ్ళు. బల్ల కింద నుంచి మనిషి మోకాళ్ళ దాకానే కనిపిస్తాడు, కానీ కాళ్ళు అబద్ధం ఆడలేవు. పసుపు చెప్పులు మా ఆవిడవి, వాటి వెనక నేలని గీరుతున్న బొటనవేలు తమ్ముడిది. నేను కళ్ళు మూసుకున్నాను. చెవులు మూసుకోలేదు.

"పడుకున్నారు," అంది మా ఆవిడ, గుసగుసగా.

"పడుకున్నాడా? అయితే ఇవాళ కూడా వద్దులే వదినా."

"మరెప్పుడయ్యా? ఆ పెద్దాయన పొద్దున్నే వచ్చేస్తాడు, గుడ్డ కోశారా అంటూ."

"చూద్దాం. లేచాక మొహం చూసి చెప్దాం."

పసుపు చెప్పులు తిరిగాయి, బొటనవేలు ఇంకాసేపు ఆగి అదీ వెళ్ళిపోయింది. విన్నారా? ఇవాళ కూడా వద్దట. అంటే నిన్న వద్దనుకున్నారు, మొన్న వద్దనుకున్నారు. ఏమిటది? పోస్టుమాస్టరు గుడ్డతో ఏం పని వీళ్ళకి? ఆ గుడ్డ మామూలుది కాదు. ఆయన భార్య బతికుండగా కొని, కుట్టించుకోండి, కుట్టించుకోండి అని పోరి పోరి, ఆయన కుట్టించుకోకముందే పోయింది. ఇన్నేళ్ళకి ఆయనకి మనసైంది. నేసిన మిల్లు మూతపడి ఎంతకాలమైందో. "ఇంకో ముక్క దొరకదు మాస్టరూ, నీ చెయ్యి కాబట్టి ఇస్తున్నా," అన్నాడు బల్ల మీద పెడుతూ, పెట్టాక కూడా కాసేపు దాని మీంచి చెయ్యి తియ్యలేదు. నా చెయ్యి కాబట్టి! దాన్నీ కొట్టేద్దామనేనా? నా కత్తెర దాచి, నాకు వల్లకాలేదనిపించి, ఆయన ముందు నన్ను చేతకానివాణ్ణి చేసి? లేవబోయాను. లేస్తే కోపంతో లేచినట్టవుతుంది. మళ్ళీ పడుకుని, ఊపిరి పీల్చుకుంటూ బల్ల అడుగు చూస్తున్నాను, చెక్క, చెక్కకి మేకులు, నాన్నకాలం నాటి సాలెగూడు, అడ్డకర్రకీ బల్ల పలకకీ మధ్య సందులో ఏదో కుక్కి ఉంది. గుడ్డ. బూడిదరంగు.

ఎడమచెయ్యి చాచి లాగాను. ఒక్కటి కాదు, లాగుతుంటే వస్తూనే ఉన్నాయి. హెడ్మాస్టరు బూడిదరంగు, ఎవరిదో నీలం చొక్కా కాలరు, తెల్ల పైజామా కాలు, చేతుల ముక్కలు, భుజాల ముక్కలు, అన్నీ దుమ్ముతో నా ముఖం మీద పడ్డాయి. తుమ్ము ఆపుకుని ఒకటి పైకెత్తి చూశాను. ఏం కోత అది! భుజం వంపు దగ్గర మెట్లు మెట్లుగా, ఎలక కొరికినట్టు. చంక దగ్గర గీత ఒకచోట, కోత ఇంకోచోట. ఓరి దౌర్భాగ్యుడా, దొంగతనం కూడా కాదా నువ్వు చేసింది? నేను లేనప్పుడు కోత నేర్చుకుంటున్నావా, నా ఖాతాదారుల గుడ్డల మీద? పాడుచేసినవి నా నెత్తి మీదే దాస్తావా? ఇప్పుడు దొరికావు. ఇప్పుడు పోస్టుమాస్టరు ముందే ఈ ముక్కలన్నీ పరుస్తాను, అరవను, మెల్లగానే మాట్లాడతాను, చూడండి మా తమ్ముడి పనితనం అని. ఎంత హాయిగా ఉందో ఆ క్షణం! అనుమానం నిజమైతే అంత చల్లగా ఉంటుందని నాకు తెలియదు. ముక్కని వెలుతురుకి తిప్పాను. అది ఊగుతోంది. ఫ్యాను గాలికి కాబోలు, సరిగా చూడనివ్వకుండా ఊగుతోంది. ఫ్యాను వైపు చూశాను. ఫ్యాను ఆపి ఉంది.

ఎడమ మూల. కుట్టులోకి పోయే అంచులో. వడ్లగింజంత గాటు.

ఇంకోటి తీశాను. గాటు. నీలం కాలరుకి గాటు. తెల్లదానికి గాటు. యా అల్లా, అన్నిటికీ ఉంది. కొన్నిటికి ఒకచోట పెట్టబోయి జారి పక్కన పెట్టినట్టు రెండేసి. పేరు తలచుకుని మొదలుపెట్టిన కోతలే అన్నీ. నావే. దెబ్బ అంటే ఇదన్నమాట. పడుకుని ఉన్నాను కాబట్టి పడిపోలేదు. చేతిలో ఈ ఊపు రోజా నీరసం, అన్నాను నాకు నేనే. కానీ ఈ నీలం చొక్కా రంజాను నెలకి ఎంతో ముందుది. చలి, అన్నాను. చలికాలం ఎప్పుడో పోయింది కదా. సుద్దగీత వంకర వస్తే సుద్ద మంచిది కాదన్నాను, కొలత తప్పితే టేపు సాగిందన్నాను, కొత్త టేపు కొనిపించాను. తమ్ముడు మాట్లాడకుండా కొనుక్కొచ్చాడు. ఆ పొట్లం కూడా కొనుక్కొచ్చిందే. అదే రంగు గుడ్డ మళ్ళీ కొని, నేను మసీదుకి వెళ్ళినప్పుడు మళ్ళీ కోసి, కుట్టి, నేను వచ్చేలోపు మిషను ఆపేసి, వెచ్చగా ఉందేంట్రా అంటే నూనె వేశానన్నాడు. హెడ్మాస్టరు ఆ కోటు వేసుకుని వచ్చి, మాస్టరూ నీ కోతకి తిరుగులేదు అని నా భుజం తట్టాడు. నేను తమ్ముడి వైపు చూశాను, విన్నావా అన్నట్టు. వాడు దారం సూదిలోకి ఎక్కిస్తూ తల ఊపాడు. ఆ కోత వాడిది, సన్నాసిది, అయినా తల ఊపాడు.

మరి చెప్పొచ్చు కదా! ఇదిగో, మళ్ళీ రాజుకుంటోంది, ఇంత జరిగాక కూడా. నోరున్న మనుషులే కదా ఇద్దరూ, అన్నా నీ చెయ్యి వణుకుతోంది అని ఒక్క మాట చెప్పడానికి ఏం రోగం? చెప్పారు. ఆ, చెప్పారు. ఆ నీలం కాలరు కోసిన రోజుల్లోనే వాడు "అన్నా, ఒకసారి డాక్టరుకి చూపిద్దామా" అన్నాడు. ఎవర్ని? ఎందుకు? అన్నాను, టేపు తీసి బల్ల మీద పెట్టాను. మా ఆవిడ గుండీలు పెడుతూ "ఈమధ్య మీ చేతులు..." అంది. నేను కూర్చున్నాను. ఆమె ఇంకా ఏదో అనబోయింది. నేను పడుకున్నాను. పొద్దుపోయేదాకా లేవలేదు. ఆ రోజు నా సబర్‌కి నేనే మురిసిపోయాను, ఒక్క మాట కూడా అనలేదు కదా అని. చీమ చిటుక్కుమనలేదు. వెనక గదిలో నా చొక్కా పట్టుకుని ఊపిరి బిగబట్టినవాడు ఇప్పటికీ అలాగే గుమ్మం దగ్గర బొటనవేలితో నేల గీరుతున్నాడు. నాన్న కొట్టలేదు, తిట్టలేదు, ఆయన బతికినన్నాళ్ళూ మేం ఆ బల్ల కిందికి చూసి మాట మింగేశాం. నాకది ప్రశాంతమనిపించింది. ఆయన బల్ల కింద ఉంటే ఆయన కోపం ఆయన దగ్గరే ఉందనుకున్నాను, మా అందరి నోళ్ళలో ఉందనుకోలేదు. పడుకోమన్నది కోపాన్ని దించుకోవడానికి. నేను దాన్ని పక్కలో వేసుకుని పడుకున్నాను, ఇల్లంతటికీ కనిపించేలా. మింగుతున్నది నేననుకున్నాను ఇన్నాళ్ళూ.

గిన్నె చప్పుడు. పసుపు చెప్పులు లోపలికి వచ్చాయి, బల్ల మీద ఏదో పెట్టిన చప్పుడు, ఖర్జూరాల గిన్నె, గ్లాసులు. పొద్దు వాలింది, గచ్చు మీద ఎండ గుమ్మం దాకా వెళ్ళిపోయింది. ముక్కలన్నీ గుప్పెట పట్టుకుని బల్ల కింద నుంచి బయటికి పాకి, లేచి నిలబడ్డాను. వాళ్ళు నా ముఖం చూడలేదు, నా గుప్పెట చూశారు. తమ్ముడు గోడకి అతుక్కుపోయాడు. నేను ముక్కల్ని బల్ల మీద పెట్టి స్టూలు లాక్కుని కూర్చున్నాను. కూర్చోగానే మా ఆవిడ పెదాలు తెల్లబడ్డాయి, తర్వాతి మెట్టు ఏమిటో ఆమెకి తెలుసు కదా. అప్పుడే మసీదు మైకు గరగరలాడి మగ్రిబ్ అజాన్ మొదలైంది. ఖర్జూరం నోట్లో వేసుకున్నాను. ఆమె నా గ్లాసులో నీళ్ళు పోసి, ఎప్పటిలాగే సగంలో చెంబు ఎత్తేసింది.

"నిండా పొయ్యి," అన్నాను.

"చాలండీ, మళ్ళీ పోస్తాగా."

"నిండా పొయ్యవే."

పోసింది. అంచుదాకా. కుడిచేత్తో ఎత్తాను. నోటి దాకా రాకముందే తొణికింది, మణికట్టు మీద, మోచేతి మీద, బల్ల మీద. తమ్ముడు ఒక్క గెంతులో వచ్చి పోస్టుమాస్టరు గుడ్డని పక్కకి లాగేశాడు. లాగేసి, ఏం చేశాడో తెలిసినవాడిలా నావైపు చూశాడు. నేను మిగిలిన నీళ్ళు తాగాను. నీళ్ళు ఎంత మిగిలాయని? సగం.

"చూశారు కదా," అన్నాను. "ఇప్పుడు చెప్పండి. ఇన్నాళ్ళూ వద్దనుకున్నది చెప్పండి."

లేచి నిలబడ్డాను. తమ్ముడు గుడ్డ వైపు చూశాడు. "అన్నా, ఆ గుడ్డ... నువ్వు కొయ్యొద్దన్నా."

వచ్చింది. నాకు ముందే తెలిసినా, నా నోటితో నేనే అడిగినా, వచ్చింది, అరికాళ్ళ నుంచి నెత్తిదాకా. నీకు కోత నేర్పిందెవడ్రా అనబోయి, ఎవరూ నేర్పలేదని గుర్తొచ్చింది, నా పాడు కోతలు దిద్దుతూ వాడే నేర్చుకున్నాడు. మోకాళ్ళు వంగబోయాయి, స్టూలు కోసం వెనక చెయ్యి తడిమింది. బల్ల అంచు పట్టుకున్నాను. నీళ్ళతో జారుతోంది. గట్టిగా పట్టుకున్నాను. ఇద్దరూ నన్నే చూస్తున్నారు, కూర్చుంటాడా, పడుకుంటాడా అని.

"నువ్వే కొయ్యి," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "గాటు మాత్రం నేను పెడతాను. అది కుట్టులోకి పోతుంది, చెయ్యి వణికినా ఫరవాలేదు."

తమ్ముడు గుడ్డని తడిలేని చోట పరిచి, అరచేత్తో సాపు చేసి, ఎడమ మూల నావైపు తిప్పాడు.

మా ఆవిడ కొంగుతో బల్ల తుడిచి, వంటింట్లోకి వెళ్ళి, పిండి డబ్బా మూత తీసి, లోపలి నుంచి నా కత్తెర తెచ్చింది.